ఆ గదిలో తెలుగులో మాట్లాడాను

ఒక మాట నా దగ్గర చాలా ఏళ్ళుగా ఉండిపోయింది. అది నా మాట కాదు. నా చెల్లెలిది. ఒకరికి చెప్పమని నాకు అప్పగించింది. నేను చెప్పలేదు. చెప్పానని తనతో అన్నాను.

నేను చేసింది ఇంతే. రాస్తే రెండు వరుసలు కూడా రాదు. దీన్ని లోపల పెట్టుకునే పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని పెంచాను, అమ్మను సాగనంపాను. పోయిన వానాకాలంలో చెల్లెలు కూడా పోయింది. తను ఉన్నన్నాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు చెప్పవచ్చులే అన్న వీలు ఒకటి ఉండేది. ఇప్పుడు ఆ వీలు లేదు. బరువు మాత్రం అలాగే ఉంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళయితే నన్ను చెప్పనివ్వరు. 'నువ్వు తనకోసం ఎంత చేశావు' అంటూ మొదలుపెడతారు. తను పోయిన పదహారో రోజున, కర్మ నాడు, మా ఇంట్లో ఆ మాట అందరి నోటా విన్నాను. కాఫీ గ్లాసులు అందిస్తూ తల ఊపాను. తల ఊపడం నాకు బాగా అలవాటు.

తన పేరు సుగుణ అనుకోండి. అసలు పేరు రాయలేను.

మాది పాండిచ్చేరిలో మూలకుళం. ఎన్ని తరాల కిందట ఇక్కడికి వచ్చామో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. నాయన మిల్లులో పనిచేసేవాడు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా తెలుగులో సగం తమిళమే ఉంటుంది. తెలుగు అక్షరాలు వచ్చింది ఇంట్లో నాకొక్కదానికే. నాయన పట్టుబట్టి, తనకు తెలియనిదాన్ని, ఎవరి చేతనో నాకు నేర్పించాడు. అలా పుస్తకాలు అలవాటయ్యాయి.

సుగుణకు రెండేళ్ళ వయసులో జ్వరం వచ్చి వినికిడి పోయింది. బిడ్డకు ఒక్క భాషే చాలు, రెండు కలిపితే ఏదీ రాదు అన్నాడు డాక్టరు. చేర్చిన బడి తమిళం. కాబట్టి తనతో మేం తమిళమే మాట్లాడాం. మా పెదాలు చూసి అర్థం చేసుకునేది. చేతులతో మాట్లాడటం బడిలో పిల్లల దగ్గర నేర్చుకుని, నాకు నేర్పింది.

డాక్టరు మాట తప్పో ఒప్పో నాకు తెలియదు. ఇంట్లో దానివల్ల జరిగింది మాత్రం నేను చూశాను. అమ్మా నాయనా నేనూ తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం. ఆ తెలుగు సుగుణకు అందేది కాదు. మొదట్లో అది ఎవరూ కావాలని చేసింది కాదు. తర్వాత తర్వాత తనకు తెలియకూడదనుకున్నవన్నీ తెలుగులోకి వెళ్ళిపోయాయి. నాయన ఊపిరితిత్తులు పాడైన సంగతి తన ఎదుటే, అన్నం తింటూ, నెలల తరబడి మాట్లాడుకున్నాం. నాయన్ను ఆసుపత్రికి మోసుకుపోయిన రోజున తనకు తెలిసింది.

తెలుగుకు తను ఒక సైగ పెట్టుకుంది. అరచేయి వెనక్కి తిప్పి నోటికి అడ్డం పెట్టడం. మేం ఆ సైగ చూసి నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను.

సుగుణ బీకాంలో చేరింది మా పుదుచ్చేరికి ఇంకా పాండిచ్చేరి అనే పేరున్న రోజుల్లో. ఆడపిల్లల కాలేజీ. అప్పుడే అక్కడ లైబ్రరీ పక్కన ఒక గది తెరిచారు. వినపడని పిల్లలు, నడవలేని పిల్లలు, చూపు లేని పిల్లలు అక్కడికి వచ్చేవాళ్ళు. మాట నేర్పే టీచరు ఒకామె, కాళ్ళకు కసరత్తు చేయించే ఆమె ఒకరు, మనసు సంగతులు అడిగి సాయం చేసే కౌన్సెలర్ మేడమ్ ఒకరు. కాలు ఒకరూ చెవి ఒకరూ దిగులు ఇంకొకరూ పంచుకుని చూస్తే పిల్ల ఎవరికీ కనబడదు అనేది ఆ మేడమ్. అందుకే వారానికోసారి ముగ్గురూ కలిసి కూర్చుని ఒక్కొక్క పిల్ల గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు ఇది మామూలు మాటలాగే ఉంది. అప్పుడు మా ఊళ్ళో అలాంటిది మేం చూడలేదు.

మేడమ్ గుంటూరు వైపు మనిషి. కొత్తగా వచ్చింది. తమిళం మాట్లాడేది గానీ నెమ్మదిగా, తప్పులతో. తమిళ అక్షరాలు రావు. సుగుణకు ఇంగ్లిషులో రాయడం కష్టం, సిగ్గు కూడా. ఇద్దరి మధ్యా కాగితం పనికి రాలేదు. చేతుల భాష తెలిసిన మనిషి ఊళ్ళో దొరకలేదు. నన్ను రమ్మన్నారు. నేను సేదరపేట్‌లో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసేదాన్ని. ఆ రోజుల్లో మధ్యాహ్నం పర్మిషన్ పెట్టి బస్సెక్కేదాన్ని.

మొదటిరోజే మేడమ్ చెప్పింది. "ఇంటివాళ్ళను ఈ పనికి పెట్టకూడదమ్మా. పిల్ల మనసులోది బయటికి రాదు. కానీ నాకు వేరే దారి లేదు."

నేను తెలుగులో జవాబు చెప్పబోయాను. మా ఇంటిపేరు చూసి మా తెలుగు సంగతి ఆమెకు అప్పటికే తెలుసు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు. ఈ గదిలో తమిళమే మాట్లాడుకుందాం. నాకు కష్టమైనా సరే. తనకు మన నోళ్ళు కనబడాలి."

అలా మాకొక పద్ధతి ఏర్పడింది. సుగుణ చేతులతో చెప్పేది. నేను మేడమ్‌కు తమిళంలో చెప్పేదాన్ని. సుగుణ నా పెదాలనే చూస్తూ ఉండేది. ఏదైనా వదిలేస్తే మోకాలి మీద తట్టేది. నేను ఆగి, ఆ వదిలిందీ చెప్పేదాన్ని. మొదటి నెలల్లో చాలాసార్లు తట్టింది. ఎందుకంటే నేను తన మాటలను సర్దేదాన్ని. 'కోపం' అంటే 'కొంచెం బాధ' అనేదాన్ని. 'అమ్మ నన్ను పట్టించుకోదు' అంటే 'అమ్మకు పని ఎక్కువ' అనేదాన్ని. తట్టేది. సరిచేసేదాన్ని. అక్కడే నేను జాగ్రత్తపడి ఉండవలసింది.

ఆ గదిలో సెల్వి అని ఒక పిల్ల ఉండేది. కిరుమాంబాక్కం నుంచి బస్సులో వచ్చేది. పోలియో కాలు, ఇనుప పట్టీ వేసుకునేది. తమిళ పిల్ల. సుగుణ దగ్గర చేతుల భాషలో తిట్లు మాత్రం శ్రద్ధగా నేర్చుకుంది. నన్ను చూడగానే అరిచేది.

"స్పీకర్ అక్కా వచ్చేసిందిరోయ్! ఇంక మన సుగుణకు కరెంటు వచ్చినట్టే."

"నీకు ఆ నోరుంటే చాలు, వేరే స్పీకర్ ఎందుకే?" అనేదాన్ని.

"నా నోరు నా కాలికే సరిపోవట్లేదక్కా. దీన్ని తిట్టుకోవడానికే అయిపోతుంది."

సుగుణ ఆ పిల్ల పెదాలు చూసి ముందు నవ్వేది. ఆ తర్వాతే నేను నవ్వేదాన్ని.

'స్పీకర్ అక్క' అనిపించుకోవడం నాకు ఇష్టంగా ఉండేది. ఇది కూడా ఒప్పుకోవాలి. ఆఫీసులో నేను ఎవరినీ కాదు. ఇంట్లో పెళ్ళి కావలసిన పెద్ద పిల్లను. ఆ గదిలో నేను నోరు తెరిస్తే అందరూ వినేవాళ్ళు. అక్క లేకపోతే ఈ పిల్ల ఏమైపోయేదో అని టీచర్లు నా ఎదుటే అనేవాళ్ళు.

మొదటి సంవత్సరం చివర్లో సుగుణ మద్రాసు వెళ్ళాలంది. బడిలో తనతో చదివిన పిల్లలు అక్కడ హాస్టల్లో ఉండి చదువుతున్నారు. అక్కడి కాలేజీలో వినపడని పిల్లలకు విడిగా బీకాం క్లాసు ఉంది, పాఠం చేతులతోనే చెబుతారు. ఒక ఆదివారం చూసివస్తానంది. ఒంటరిగా పంపనంది అమ్మ. నేను వెంట వెళ్ళాను.

ఆ హాస్టల్ వరండాలో నేను చూసింది ఎలా చెప్పాలి? పెద్దగా ఏమీ జరగలేదు. పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు. సుగుణ మధ్యలో ఏదో చెబుతోంది. నాకు నేర్పిన సైగలు కావు అవి, లేదా అవే అయినా నాకు అందని వేగంలో ఉన్నాయి. ముఖం, భుజాలు, కనుబొమలు అన్నీ మాట్లాడుతున్నాయి. ఎవరినో అనుకరిస్తోంది. పిల్లలందరూ ఒక్కసారిగా విరగబడి నవ్వారు. ఒక పిల్ల నేల మీద చేత్తో కొట్టి మరీ నవ్వింది. నా చెల్లెలు నవ్వు పుట్టించే మనిషని నాకు తెలియదు. అంతవరకూ తెలియదు.

భుజం తట్టి ఏమిటని అడిగాను.

తను నావైపు తిరిగి, నవ్వు ముఖంతోనే, చేత్తో అంది: తర్వాత చెప్తా.

మా ఇంట్లో అన్నం దగ్గర, పెళ్ళిళ్ళలో, నాయన మంచం పక్కన, తను ఏమిటని అడిగినప్పుడల్లా మేం అనే మాట అది. తర్వాత చెప్తా. మేం ఎప్పుడూ చెప్పలేదు. తను ఎత్తిపొడవడానికి అనలేదు. ఆ మాట మా దగ్గరే నేర్చుకుంది, అంతే. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. సాయంత్రం వరకూ నాతో ఎవరూ మాట్లాడలేదు. నన్ను బాధపెట్టాలని ఎవరూ అలా చేయలేదు. నాకు చెప్పే తీరిక వాళ్ళకు లేదు. తన జీవితమంతా ఇలాగే గడిచిందని అక్కడ కూర్చున్నప్పుడు నాకు తట్టిందా? తట్టింది. తట్టినా నాలో జాలి కలగలేదు. భయం కలిగింది. దీని పక్కన ఇంకో మాట రాయాలి, కొట్టేసి కొట్టేసి మళ్ళీ రాస్తున్నాను: అసూయ.

తిరిగి వచ్చే బస్సులో తను నిద్రపోలేదు. అక్కడికి మారిపోతానంది. రెండో సంవత్సరం నుంచి. మేడమ్‌తో చెబుతాను, మేడమ్ అమ్మను ఒప్పిస్తుంది, సీటుకు కూడా మాట సాయం చేస్తుంది. అన్నీ ఆలోచించి పెట్టుకుంది.

ఆ వారమే మేడమ్ అడిగింది కూడా. వచ్చే సంవత్సరానికి నీకు ఏం కావాలి, ఏం మార్చాలి, నీ నోటితో చెప్పు అంది. సుగుణ నాకేసి తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. నేను మొత్తం చూశాను. ప్రతిదీ నాకు అర్థమైంది. తను ఆగాక నేను మేడమ్ వైపు తిరిగాను.

"మేడమ్, ఇది కొంచెం పెద్ద సంగతి," అని తెలుగులో అన్నాను. "తమిళంలో అయితే మీకు పూరా అర్థం కాదేమో. తెలుగులో చెప్పేదా?"

మేడమ్ సుగుణ వైపు చూసింది. ఒక్క క్షణం వెనకాడింది. ఆమె అలసిపోయి ఉంది. బయట ఇంకా పిల్లలు కూర్చుని ఉన్నారు.

"సరే, చెప్పమ్మా. ఈ ఒక్కసారికి."

సుగుణ అరచేయి వెనక్కి తిప్పి నోటికి అడ్డం పెట్టింది. తెలుగా, ఎందుకు?

మేడమ్‌కు తమిళం బాగా రాదు కదా అని సైగ చేశాను. అది నిజమే. అందుకే తను నమ్మింది.

"ఏమంటాదంటే మేడమ్, మద్రాసుకు పోయి ఫ్రెండ్సును చూసొచ్చినాం. ఆడ హాస్టల్లో దానికి నచ్చలా. ఇంటి మీద బెంగ. ఈడ మీరందరూ బాగా చూసుకుంటా ఉండారు, ఈడనే ఉంటాను, మాట నేర్చుకునేది మటుకు ఆపొద్దు అంటా ఉండాది."

"అంతసేపు చెప్పింది ఇదేనా?"

"ఆడ ఏమేం చూసిందో అంతా చెప్పింది మేడమ్. తిండి బాగలేదు, అదీ ఇదీ."

మేడమ్ నవ్వింది. "మరి నేనే అక్కడికి పంపితే బాగుంటుందేమో అనుకున్నాను సుమా. తోటి పిల్లలు ఉంటారని. తనే వద్దంటే ఇంకేముంది. ఇక్కడే చూసుకుందాం. చెప్పు తనకు."

ఆమె సాయం చేయడానికి సిద్ధంగా ఉంది. నేను అబద్ధం చెప్పకపోయి ఉంటే సరిపోయేది, అంతే. ఆ మాట విన్నాక కూడా ఆగవచ్చు. మేడమ్, నేను పొరపాటు చెప్పాను అనవచ్చు. నేను సుగుణ వైపు తిరిగాను. నా చేతులు ఒక్క సైగ దగ్గరా తడబడలేదు. అది నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. ఎందుకు తడబడలేదు?

మేడమ్ వద్దంటున్నది అని చెప్పాను. అక్కడ సీటు కష్టమట. ఇక్కడే ఉండమంటున్నది.

తను మేడమ్ ముఖం చూసింది. మేడమ్ చిరునవ్వుతో తల ఊపింది. సుగుణ మళ్ళీ నన్ను అడిగింది.

అంతా చెప్పావా?

అంతా చెప్పాను.

నేను ఒక్కదాన్నే ఉండగలనని చెప్పావా?

చెప్పాను.

తను చేతులు రెండూ ఒళ్ళోకి దించుకుంది. తర్వాత లేచి, ఆ గదిలో నేర్చుకున్న గొంతుతో, ఒక్కొక్క అక్షరం పట్టి పట్టి, తమిళంలో "నండ్రి, మేడమ్" అంది. కాదన్నందుకు కూడా థ్యాంక్స్ చెప్పాలని మేం నేర్పిన పిల్ల అది. మేడమ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చూశావా, ఎంత స్పష్టంగా అందో!" అని నాతో అంది. పిల్ల అడిగింది పిల్లకు దక్కిందని మేడమ్ అనుకుంది. అడిగింది ఇక దక్కదని సుగుణ అనుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

ఆ తర్వాత సుగుణ మాట నేర్చుకునే క్లాసుకు వెళ్ళేది గానీ మేడమ్ దగ్గర కూర్చోవడం మానేసింది. మేడమ్ నన్ను అడిగితే పరీక్షలు అన్నాను. సెల్వి మాత్రం ఊరుకోలేదు. ఒకరోజు బస్‌స్టాండ్ దగ్గర నన్ను ఆపింది.

"ఏంటక్కా, ఆ మేడమ్ మన సుగుణను వద్దనేసిందా? నేను నమ్మను. నా కాలికి కొత్త పట్టీ కావాలని ప్రిన్సిపాల్ రూం ముందు ధర్నా చేసినంత పని చేసిందక్కా ఆమె. నేను పోయి అడుగుతా."

"వద్దు సెల్వీ. మళ్ళీ ఎత్తితే దానికి ఇంకా బాధ. వదిలెయ్."

సెల్వి సంచి భుజానికి తగిలించుకుంది. "సరి అక్కా. నువ్వు చెబితే సరే," అని కాలు ఈడ్చుకుంటూ బస్సెక్కింది. నా మాట మీద అందరికీ అంత నమ్మకం.

మరుసటి సంవత్సరం మేడమ్ ఉద్యోగం వదిలి వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. ఎక్కడుందో తెలియదు.

ఎందుకు చేశావని మీరు అడుగుతారు. నన్ను నేను చాలా రకాలుగా అడిగాను. నాయన పోయి ఏడాది కాలేదు, అమ్మ తట్టుకోలేదు అనుకున్నాను. నగరంలో వినపడని ఆడపిల్ల, లారీ వెనకనుంచి వచ్చినా తెలియదు అనుకున్నాను. ఇవన్నీ నిజమైన భయాలే. కానీ భయమే అయితే ఆ భయాన్ని తమిళంలో, తను చూస్తుండగా చెప్పవచ్చు కదా. నాకు భయంగా ఉంది, వెళ్ళొద్దు అని చెల్లెలితో దెబ్బలాడవచ్చు కదా. తను గెలిచేది. అది నాకు తెలుసు. తను వెళ్ళిపోతే తనకు నా నోరు అక్కర్లేదు. నా నోరు తనకు అక్కర్లేకపోతే నాకు ఉన్నదేమిటి అనుకున్నాను. ఇది అసలు కారణం. దీనికంటే మంచి కారణం వెతికాను. దొరకలేదు.

సుగుణ బీకాం పూర్తి చేసింది. పెళ్ళిపత్రికలు కంపోజ్ చేసే షాపులో చేరింది. పనిలో వేళ్ళు చురుకు. నా పెళ్ళయ్యాక కూడా మా ఇంట్లోనే ఉంది. నా పిల్లలను పెంచింది. వాళ్ళు తన చేతుల భాష నాకంటే బాగా నేర్చుకున్నారు. బాధపడుతూ బతికిన మనిషి కాదు. అలా రాస్తే అదొక అబద్ధం అవుతుంది. కానీ ఆ రోజు తర్వాత ఎవరినీ ఏదీ అడగలేదు. షాపులో ఆదివారం సెలవు కూడా అడగలేదు. అడిగితే ఏమవుతుందో తనకు తెలుసని అనుకుంది. నేను తీసుకున్నది హాస్టల్ ఒక్కటే కాదు. ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

పోయిన వానాకాలంలో జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేర్చాం. డాక్టరు మాట్లాడుతుంటే నేను తనకు కనబడేలా నిలబడి, ప్రతి మాటా తమిళంలో, చేతులతో, ఏదీ దాచకుండా చెప్పాను. తను కళ్ళు మూసుకుంది. చూడటానికి ఓపిక లేదో, ఇష్టం లేదో. కళ్ళు మూసుకున్న మనిషికి నేను చెప్పగలిగేది ఏమీ లేదు.

పదహారో రోజుకు మద్రాసు నుంచి ఆ స్నేహితురాళ్ళు వచ్చారు. ఇప్పుడు నడివయసు మనుషులు. మా హాల్లో గుండ్రంగా కూర్చుని తన గురించి చెప్పుకున్నారు, ఏడ్చారు, మధ్యలో విరగబడి నవ్వారు కూడా. మా చుట్టాలకు అది నచ్చలేదు. వాళ్ళలో ఒకామె నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా, చేతులతో అడిగింది. అప్పుడు సుగుణకోసం మేం హాస్టల్లో ఒక మంచం ఆపి పెట్టాం. మేడమ్ వద్దన్నదని మెసేజ్ పెట్టింది. ఆ మేడమ్ ఎవరు? మేం ఇన్నేళ్ళూ ఆమెను తిట్టుకుంటూనే ఉన్నాం.

ఎవరో, వెళ్ళిపోయింది అని చెప్పాను. చెల్లెలి ఫొటో ముందు నిలబడి, మళ్ళీ.

వాళ్ళు వెళ్ళాక వాళ్ళ గ్లాసులు నేనే కడిగాను. నా చెల్లెలికి నేను చేసింది నాకూ తనకూ మధ్య ఉండిపోతుందనుకున్నాను. కానీ ఎక్కడో ఒక మంచి మనిషి, తను చేయని పనికి, ముక్కూ ముఖం తెలియని ఆడవాళ్ళ చేత ఇన్నేళ్ళుగా తిట్లు తింటోంది. ఆమె కాదనలేదు. కాదన్నది నేను. ఆ స్నేహితురాలికి ఈ మాట నిన్న మెసేజ్ పెట్టాను. జవాబు రాలేదు. రావాలని అనుకోవడం లేదు.

చేయగలిగింది ఇంకొక్కటే ఉంది. ఆ రోజు సుగుణ చెప్పింది నేను మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే బాగుండేది. మేడమ్ చదువుతుందో లేదో. ఎవరో ఒకరు వింటే చాలు. ఇలా చెప్పింది:

"ఇంట్లో అందరూ మంచివాళ్ళే మేడమ్. ఎవరి మీదా నాకు కోపం లేదు. ఇక్కడ నాకు మాట నేర్పుతున్నారు, నేర్చుకుంటాను. కానీ నేను నోరు తెరిస్తే ఎదుటివాళ్ళ ముఖం మారిపోతుంది, అది నాకు కనబడుతుంది. మద్రాసులో ఒక పగలంతా ఎవరి ముఖమూ మారలేదు. నేను ఒక కథ చెప్పాను, అందరూ నవ్వారు. నేను నవ్వించగలనని నాకే తెలియదు. నేను అక్కడ చదువుకుంటాను. ఒక్కదాన్నే ఉండగలను. అమ్మ కొన్నాళ్ళు ఏడ్చి ఊరుకుంటుంది. అక్క ఊరుకోదు. అక్కకు నేను తప్ప స్నేహితులు లేరు. నేను వెళ్ళాక అక్కను అప్పుడప్పుడూ ఇక్కడికి పిలిచి మాట్లాడండి. నేను చెబితే వినదు, మీరు చెప్పండి."

ఇది నా చెల్లెలి మాట. చెప్పేశాను.